పార్టీ వచ్చింది, సరుకు చూపించు

నల్లమలలో అటవీ రేంజి అధికారిగా పనిచేసి రిటైరైన మా శీర్షిక నిర్వాహకులు పోయిన నెల ఒక జవాబులో ‘డెకాయ్’ అన్న మాట వాడారు. కొనేవాడిలా నటించి వేటగాళ్లను, వ్యాపారులను పట్టుకునే పద్ధతి అది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే.

ప్రశ్న: వేటగాళ్లను పట్టుకోవడానికి అటవీ అధికారులు నిజంగా మారువేషాలు వేస్తారా? విగ్గులు, గడ్డాలు పెట్టుకుంటారా?
– డిగ్రీ విద్యార్థి, కంభం

మే నెలలో దోర్నాల బస్టాండులో విగ్గు పెట్టుకుని ఒక గంట నిలబడి చూడు బాబూ, జవాబు నీకే తెలుస్తుంది. మేం పెట్టుకోవాల్సినవి పెద్దగా ఉండవు, తీసేయాల్సినవే ఉంటాయి. బ్రౌన్ బూట్లు, వెడల్పాటి బెల్టు, వాకీటాకీ లేకపోయినా మాటిమాటికీ నడుము తడుముకునే చెయ్యి. ఇవన్నీ వదిలించుకున్నా పై అధికారి రాగానే లేచి నిలబడే అలవాటు ఒకటి మిగిలిపోతుంది. మా సెక్షన్ ఆఫీసర్ ఒకాయన చేత దాన్ని మాన్పించడానికి డీఎఫ్‌ఓ గారే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ‘నన్ను బావా అని పిలువయ్యా’ అని సాధన చేయించారు. ఆయన చేతులు కట్టుకుని ‘అలాగే బావా సార్’ అన్నాడు. ఆయన్ని ఆ రోజు బేరానికి తీసుకెళ్లలేదు.

నేను ఎక్కువగా డ్రైవరు వేషమే వేసేవాణ్ని. అమ్మేవాళ్ల చూపంతా కొనడానికి వచ్చిన పార్టీ మీదే ఉంటుంది. అతని మెడలో గొలుసు, చేతిలో బ్యాగు, మాట్లాడే యాస, అన్నీ కొలుస్తారు. డ్రైవరుని ఎవరూ పట్టించుకోరు, టీ కూడా చివర్లో ఇస్తారు. కానీ అతనికి అన్నీ వినపడుతుంటాయి.

ఒక చిరుత చర్మం బేరం చెబుతాను. యర్రగొండపాలెం వైపు నుంచి కబురు వచ్చింది. మధ్యలో ఉన్న దళారీ తెలుగు మాట్లాడే పార్టీని నమ్మడు. లోకల్ మనిషైతే ఆరా తీస్తే దొరికిపోతాడని అతని లెక్క కాదు, లోకల్ వాళ్ల దగ్గర డబ్బుండదని. అందుకని తమిళం వచ్చిన మా వాణ్ని ఒకణ్ని చెన్నై రంగురాళ్ల వ్యాపారిని చేశాం. నేను ఆయన డ్రైవరుని. మొదట ఒక ధాబా దగ్గరికి రమ్మన్నారు. అక్కడికి వెళ్తే ఇంకో ఊరు చెప్పారు. అక్కడి నుంచి ఒక మిర్చి తోటకు. ఈ తిప్పటమంతా వెనకాల ఇంకో బండి వస్తోందా లేదా అని చూసుకోవడానికే. మా టీము అందుకే బండిలో రాలేదు. పొద్దుటి నుంచి పట్టా కప్పిన ఒక గడ్డి లారీలో ఉన్నారు, ఆ ఎండకి లోపల ఎలా ఉంటుందో ఊహించుకో.

సైగ ఏం పెట్టుకోవాలన్న దాని మీద ముందు రోజు రాత్రి పెద్ద చర్చే జరిగింది. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటే రండి, అన్నాడొకడు. మే నెలలో ముఖం తుడుచుకోనివాడు ఎవడు? చివరికి కారు బానెట్ ఎత్తడం ఖాయం చేశాం. చర్మం యూరియా సంచిలోంచి బయటికి వచ్చింది. ఉప్పు, పసుపు రాసిన వాసన, దాని కింద ఇంకో వాసన. మెడ చుట్టూ తీగ బిగిసిన గుర్తు స్పష్టంగా ఉంది. క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు అది. అడవి పంది కోసం పెట్టి ఉంటారు, చిరుత పడింది. నేను దిగి ‘ఇంజను వేడెక్కింది సార్’ అని బానెట్ ఎత్తాను.

సినిమాలో అయితే అక్కడితో అయిపోతుంది. మాకు అసలు పని అక్కడ మొదలవుతుంది. మధ్యవర్తుల రిపోర్టు రాయాలి. అంటే ఇద్దరు సాక్షుల ఎదుట ఏం దొరికింది, ఎవరి చేతిలో దొరికింది, ఎన్ని గంటలకు, ముక్కు నుంచి తోక చివరికి పొడవెంత, గాయం ఎక్కడ, సీలు మీద ఏ ముద్ర అన్నీ రాసి సంతకాలు తీసుకోవాలి. పక్క ఊరి వీఆర్‌ఓ గారు నిద్రకళ్లతో వచ్చారు. టార్చి వెలుగులో అదే బానెట్ మీద కాగితాలు పెట్టుకుని అర్ధరాత్రి దాకా రాశాం. అరెస్టు చేసినవాళ్లను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, కాబట్టి రేపు రాద్దాంలే అనడానికి లేదు. కొన్నేళ్ల తర్వాత కోర్టులో డిఫెన్సు లాయరు గారు నన్ను చిరుత గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సంచి గోనెదా, ప్లాస్టిక్‌దా? తెల్లదా, పసుపుదా? మూతి దేనితో కట్టారు? అన్నీ రిపోర్టులో ఉన్నాయి కాబట్టి కేసు నిలిచింది. వేషం బాగా వేసినవాడికి మెచ్చుకోళ్లు వస్తాయి గానీ, నన్నడిగితే ఆ రాత్రి అందరికంటే గొప్ప పని చేసినవాడు కాగితం రాసిన బీట్ ఆఫీసరే.

ప్రశ్న: కొంటామని ఆశపెట్టి, అమ్మడానికి వస్తే పట్టుకోవడం న్యాయమేనా? మీరు అడగకపోతే అతను ఆ నేరం చేసేవాడే కాదేమో!
– న్యాయశాస్త్ర విద్యార్థిని, కర్నూలు

చట్టం సంగతి మీకు నాకంటే బాగా తెలుస్తుందమ్మా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 57వ సెక్షన్ చూడండి. చర్మం గానీ గోళ్లు గానీ మాంసం గానీ ఎవరి దగ్గర దొరికితే, అది సక్రమంగానే వచ్చిందని నిరూపించుకోవాల్సింది అతనే. అంటే మా దగ్గరికి అమ్మడానికి రాకముందే, దాన్ని ఇంట్లో దాచుకున్నప్పుడే నేరం జరిగిపోయింది. మేం ఆ దాచినదాన్ని బయటికి రప్పిస్తున్నాం.

కానీ మీ సందేహం కోర్టు కంటే అడవిలో ఎక్కువ వర్తిస్తుంది. లంచం కేసులో ఎవడినైనా ఆశపెట్టి ఇరికిస్తే నష్టపోయేది ఆ మనిషి. ఇక్కడ మధ్యలో ఒక ప్రాణం ఉంది. ‘చర్మం ఉంటే చూపించు’ అనడానికీ ‘ఒక చర్మం తెచ్చిపెట్టు’ అనడానికీ మధ్య ఒక చిరుత బతుకు ఉంది. రెండో మాట మా వాళ్ల నోట రాకూడదు. వస్తే దాన్ని చంపింది మేమే అవుతాం. కొత్తగా ఈ పనికి వచ్చిన కుర్రాళ్లకు నేను నేర్పిన మొదటి పాఠం ఇదే. ముందు ఫొటో అడుగు, ఎండిన చర్మమా పచ్చిదా చూడు, ఎప్పటిదో మాటల్లో రాబట్టు. ‘రెండు వారాలు ఆగితే వస్తుంది’ అన్నాడంటే బేరం అక్కడే ఆపేసి, ఆ మనిషి మీద వేరే విధంగా కన్ను వేసి ఉంచాలి.

ధర కూడా అంతే. పార్టీ వేషంలో ఉన్నవాడికి డబ్బు తనది కాదు కాబట్టి నోటికొచ్చిన అంకె చెప్పేయాలనిపిస్తుంది. ఒక చర్మానికి ఎవరో లక్షలు ఇస్తామన్నారట అన్న మాట చుట్టుపక్కల ఊళ్లలో పాకితే, మనం పట్టుకున్నది ఒకణ్నయితే ఉచ్చులు పెట్టేవాళ్లు పదిమంది పుడతారు. నేను బేరాల్లో గీచి గీచి అడిగేవాణ్ని. పిసినారి పార్టీనే అమ్మేవాడు ఎక్కువ నమ్ముతాడు కూడా.

వీటన్నిటికంటే కష్టమైంది బతికున్న జంతువు. అలుగును (పాంగోలిన్‌ను) తీసుకోండి. చీమలు, చెదలు తప్ప ఇంకేమీ తినదు. సంచిలో కట్టేసి ఉంచితే రోజురోజుకీ కుంగిపోతుంది. దాని పెంకులు మన గోళ్లలాంటి పదార్థమే, మందుగా పనికొస్తాయన్నది వట్టి నమ్మకం. అయినా దాని కోసం ఈశాన్య రాష్ట్రాల మీదుగా సరిహద్దు దాటేదాకా ఒక దారి ఉంది. ఇప్పుడు మన ముందు ఒక గ్రామస్థుడు అలుగును పెట్టి ‘కొంటారా’ అన్నాడు. ఇంకో పది రోజులు బేరం సాగదీస్తే పై వ్యాపారి ఎవరో తెలుస్తుంది. అలుగు చచ్చిపోతుంది. ఇవాళే పట్టుకుంటే అలుగు బతుకుతుంది, పై వాడు నంబరు మార్చేస్తాడు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అలుగు వైపే నిలబడ్డాను. దానికి నన్ను తప్పుపట్టిన సీనియర్లు ఉన్నారు, వాళ్ల వాదనలోనూ బలం ఉంది. పై వాడు ఆ సంవత్సరం ఇంకెన్ని అలుగులు కొన్నాడో లెక్క మా ఇద్దరి దగ్గరా లేదు.

మీరు లాయరయ్యాక పనికొచ్చే సంగతి ఒకటి. ఏసీఎఫ్ (అసిస్టెంట్ కన్సర్వేటర్) హోదాకు తగ్గని అధికారి నిందితుడి ఎదుట నమోదు చేసిన సాక్ష్యం ఆ తర్వాత కోర్టు విచారణలో చెల్లుతుంది, అదే చట్టం 50వ సెక్షన్ కిందే. మా శాఖ వాళ్లు ఎఫ్‌ఐఆర్ రాయరు, పీఓఆర్ (ప్రాథమిక నేర నివేదిక) రాసి నేరుగా కోర్టులో ఫిర్యాదు వేస్తారు. చాలామంది కుర్ర లాయర్లు ఈ తేడా తెలియకుండా వాదనకు లేస్తారు.

ప్రశ్న: నాకు ఫోన్‌లో ‘రెండు తలల పాము, నాలుగు కిలోలు, కోటి రూపాయలు’ అని మెసేజి, వీడియో వచ్చాయి. నేనే కొనేవాడిలా నటించి పోలీసులకు పట్టిద్దామనుకుంటున్నా. ఎలా మాట్లాడాలి?
– ప్రైవేటు ఉద్యోగి, హన్మకొండ

మాట్లాడొద్దు. మీరు టోకెన్ అడ్వాన్సు అని వెయ్యి రూపాయలు పంపినా, రేపు వాడు పట్టుబడినప్పుడు వాడి ఖాతాలో మీ పేరు కొనుగోలుదారుగా ఉంటుంది. అప్పుడు ‘నేను నటిస్తున్నా సార్’ అంటే ఎవరు నమ్మాలి? డెకాయ్ పని అధికారుల అనుమతితో, ముందే రాసిపెట్టుకున్న కాగితంతో జరుగుతుంది.

పైగా ఇలాంటి మెసేజిల్లో చాలావాటి వెనక పామే ఉండదు. అడ్వాన్సు గుంజడం ఒక రకం, డబ్బుతో రమ్మని ఊరి బయట దోచుకోవడం ఇంకో రకం. ఆ పాముకు ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా ఉండటం వల్ల తలలా కనిపిస్తుంది. విషం లేదు, మహిమ అంతకన్నా లేదు. పొలంలో ఎలుకలను తింటుంది, రైతుకు అదొక్కటే లాభం. స్క్రీన్‌షాట్ తీసి, నంబరుతో సహా మీ జిల్లా అటవీ అధికారి ఆఫీసుకు ఇవ్వండి. 2007లో ఏర్పాటైన కేంద్ర వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరోకు దక్షిణాది ఆఫీసు చెన్నైలో ఉంది, వాళ్లకూ రాయవచ్చు. ‘చూడండి ఎంత దారుణమో’ అని ఆ వీడియోను మాత్రం పది గ్రూపుల్లో పెట్టకండి. అమ్మేవాడికి కావాల్సిన ప్రచారం ఉచితంగా చేసినట్టవుతుంది.

ప్రశ్న: పట్టుకున్నది అసలు పులి చర్మమే అని కోర్టులో ఎలా నిరూపిస్తారు? పులిగోళ్లలో నకిలీవి ఉంటాయట కదా?
– గృహిణి, మార్కాపురం

ఉంటాయి కాదు, అవే ఎక్కువ. పశువుల కొమ్ము, గిట్టలు చెక్కి పులిగోరు అని బంగారంలో పొదిగించి అమ్ముతారు. కుక్క తోలు మీద చారలు దిద్దిన ‘పులి చర్మం’ నా బల్ల మీదికే వచ్చింది. ఒక మూల తడిగుడ్డతో రుద్దితే చార గుడ్డకు అంటుకుంది. అలాంటప్పుడు అది మోసం కేసుగా మారి పోలీసుల దగ్గరికి పోతుంది.

అసలుదో కాదో తేల్చడానికి మనకు దూరం వెళ్లాల్సిన పని లేదు. హైదరాబాద్ అత్తాపూర్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ప్రయోగశాల ఉంది. వెంట్రుక, ఎండు మాంసం, వండిన కూర ముక్క కూడా పంపవచ్చు, డీఎన్ఏ చూసి ఏ జంతువుదో చెబుతారు. మేక మాంసం అని వాదించినవాళ్ల గిన్నెలో ఉన్నది దుప్పి అని తేలిన కేసులు నాకు తెలుసు. పులి విషయంలో ఇంకో వెసులుబాటు ఉంది. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. అడవిలో పెట్టిన కెమెరాలకు చిక్కిన పులుల ఫొటోలు డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థలో భద్రపరుస్తారు. దొరికిన చర్మాన్ని వాటితో పోలిస్తే ఒక్కోసారి అది ఏ అడవిలో తిరిగిన పులో తెలిసిపోతుంది. మీ ఇంట్లో తాతల నాటి పులిగోరు గొలుసు ఉందని ఈ ప్రశ్న వేసి ఉంటే, ముందు దాన్ని పెళ్లిళ్లకు వేసుకెళ్లడం ఆపి అటవీ శాఖ వాళ్లతో మాట్లాడండి.

ప్రశ్న: పేపర్లో ఎప్పుడు చూసినా తువ్వాలు ముఖానికి కప్పుకున్న పేదవాళ్లే పట్టుబడతారు. పైనున్న వ్యాపారులను ఎప్పుడైనా పట్టుకున్నారా?
– ఉపాధ్యాయుడు, అచ్చంపేట

మాస్టారూ, ఈ ప్రశ్న మా శాఖలో పనిచేసిన ప్రతివాడికీ ముల్లులా గుచ్చుకునేదే. ఉచ్చు పెట్టినవాడికి చేతికొచ్చేది కొన్ని వేలు. ఆ తర్వాత చేతులు మారిన ప్రతిసారీ ధర పెరుగుతుంది. ఉచ్చు పెట్టినవాడు అడవి పక్కనే ఉంటాడు, పారిపోలేడు, జామీనుకు మనిషి ఉండడు. వాడు దొరకడంలో వింత లేదు. నా దృష్టిలో డెకాయ్ అనేది వాడి కోసం పుట్టిన పద్ధతి కాదు. వాణ్ని పట్టుకోవడానికి కాలినడకన గస్తీ తిరిగే చెంచు వాచర్లు చాలు. మారువేషం వేసేది వాడి వెనకున్నవాడి కోసం వేయాలి.

పట్టుకున్నారు. రాజస్థాన్‌లో సరిస్కా అడవిలో 2005 నాటికి ఒక్క పులి కూడా మిగల్లేదని తేలినప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ వ్యవహారంలో గట్టిగా వినిపించిన పేరు ఢిల్లీ వ్యాపారి సంసార్‌చంద్. అతని మీద మొదటి కేసు 1974 నాటిది, అప్పటికి మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడు. తర్వాత ముప్ఫై ఏళ్లు కేసులు పడుతూ ఉన్నాయి, అతను వ్యాపారం చేస్తూ ఉన్నాడు. 2003 జనవరిలో చేతక్ ఎక్స్‌ప్రెస్‌లో చిరుత చర్మాలతో వెళ్తున్న ఒకణ్ని రాజస్థాన్‌లోని భిల్వారాలో రైల్వే పోలీసులు పట్టుకున్నారు. అతని మాటల్లోంచి తీగ లాగితే సంసార్‌చంద్ దాకా వచ్చింది. ఆ కేసులో పడిన శిక్షను సుప్రీంకోర్టు 2010లో ఖాయం చేసింది. అతను 2014లో చనిపోయాడు. చూడండి, పై వాడు దొరికింది కూడా కింద రైల్లో సరుకు మోసినవాడి వల్లే. అందుకే కింది వాణ్ని పట్టుకోవడం వృథా అనను. పట్టుకుని, ఫొటో తీయించి, అక్కడితో ఫైలు మూసేయడమే వృథా.

దీనికి ఇంకో అంచె పైన ఏముందో చెబుతాను, మన ఆంధ్ర నేల కూడా ఇందులోకి వస్తుంది. 2003 అక్టోబరులో టిబెట్‌లో ఒక లారీని ఆపితే 31 పులి చర్మాలు, 581 చిరుత చర్మాలు, 778 నీటికుక్క చర్మాలు దొరికాయి. ఒక్క లారీలో! మన అడవులు ఎందుకు ఖాళీ అవుతున్నాయో అప్పుడు అర్థమైంది. ఆ చర్మాలు ఏ మందులకో అనుకున్నవాళ్లం, పండగ బట్టలకని తెలిసి తెల్లబోయాం. 2005లో ఢిల్లీకి చెందిన వన్యప్రాణి సంరక్షణ సంఘం డబ్ల్యూపీఎస్ఐ, లండన్‌కు చెందిన పర్యావరణ పరిశోధన సంస్థ ఈఐఏ పరిశోధకులు కొనేవాళ్లలా టిబెట్ వెళ్లారు. వాళ్లెవరూ ప్రభుత్వ అధికారులు కారు. లాసా అంగళ్లలో చర్మాలు బాహాటంగా అమ్మడం, గుర్రప్పందేల సంబరాల్లో జనం పులి చర్మం అంచు కుట్టిన అంగీలు వేసుకుని తిరగడం రహస్యంగా చిత్రీకరించారు.

2006 జనవరిలో గుంటూరు జిల్లా అమరావతిలో బౌద్ధుల కాలచక్ర ఉత్సవం జరిగింది గుర్తుందా? టిబెట్ నుంచి కూడా వేలమంది వచ్చారు. అక్కడే దలైలామా ఆ దృశ్యాల ప్రస్తావన తెచ్చి, జంతు చర్మాలు కట్టుకోవడం మానమని తన వాళ్లను గట్టిగా అడిగారు. ఆ మాట టిబెట్‌కు చేరిన కొన్ని వారాల్లోనే జనం ఖరీదైన చర్మపు అంగీలను వీధుల్లో కుప్పలు పోసి తగలబెట్టారు. నేను కాలచక్రకు వెళ్లలేదు, బందోబస్తుకు వెళ్లిన మా వాళ్లు భోజనాల గురించి చెప్పారు గానీ ఈ సంగతి చెప్పలేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఒక్క అరెస్టు కూడా చేయని మారువేషం అది. నేను బానెట్లు ఎత్తి పట్టించిన కేసులన్నీ కలిపినా దాని ముందు చిన్నవే.

అలాగని శిక్షలు తేలిక కావు. చట్టంలో అందరికంటే గట్టి రక్షణ ఉన్న జాబితా, షెడ్యూల్ ఒకటిలోని జంతువుకు హాని చేస్తే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. కనీస జరిమానాను 2022 సవరణలో పదివేల నుంచి పాతికవేలు చేశారు. ఆ పాతికవేలు ఉచ్చు పెట్టినవాడికి ఇల్లు అమ్ముకునేంత సొమ్ము, పై వాడికి ఒక రాత్రి హోటలు ఖర్చు. మీ కోపం అక్కడుందని తెలుసు, నాదీ అక్కడే ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ అయింది. ఇలాంటి పనిలో చేరతానంటోంది. ఆడపిల్లలు చేయగలరా?
– ఆటో డ్రైవరు, నంద్యాల

బాగా చేస్తారు. ఒంటరి మగాణ్ని అనుమానించే వ్యాపారి, భార్యాభర్తల్లా వచ్చినవాళ్లను అంత తొందరగా అనుమానించడు. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టుకు ఇంటర్ చదువు చాలు, సర్వీస్ కమిషన్ పరీక్ష రాయాలి, కిలోమీటర్ల కొద్దీ నడిచే పరీక్ష కూడా ఉంటుంది. ఇప్పటి నుంచే నడిపించండి. మారువేషం సంగతి తర్వాత, మొదటి కొన్నేళ్లు అడవి తిరగాలి. వేసవిలో జంతువులు తాగడానికి కట్టిన సాసర్ గుంతల్లో నీళ్లున్నాయో లేదో చూడటం, ఉచ్చులు ఏరడం అదే ఉద్యోగం.

ప్రశ్న: అదృష్టం వస్తుందని మా మరిది రెండేళ్ల క్రితం ఒక నక్షత్ర తాబేలును తెచ్చి ఇచ్చాడు. మీ శీర్షిక చదివాక భయమేస్తోంది. ఊరి చెరువులో వదిలేయనా?
– పేరు రాయని పాఠకురాలు, మదనపల్లె

చెరువులో అసలు వదలొద్దమ్మా. అది మెట్ట తాబేలు, ఈత రాదు, మునిగిపోతుంది. మీ చుట్టుపక్కల చిత్తూరు, అనంతపురం, కోలారు మెట్ట పొలాల్లోంచే వీటిని ఏరి, సూట్‌కేసుల్లో కుక్కి విదేశాలకు పంపుతుంటారు. 2019 నుంచి అంతర్జాతీయ వ్యాపారం కూడా పూర్తిగా నిషేధం. ఇంట్లో పెట్టుకోవడం నేరమే, పంజరంలో రామచిలుక కూడా నేరమే. ఆ మాట చాలామందికి నచ్చదు.

దగ్గర్లోని రేంజి ఆఫీసుకు ఫోన్ చేసి, అప్పగిస్తానని మీ అంతట మీరే చెప్పండి. దాన్ని తెచ్చింది ఎవరని అడుగుతారు, మరిది పేరు చెప్పడానికి సంకోచించకండి. అతను ఎక్కడ కొన్నాడో ఆ అంగడి కావాలి వాళ్లకి. వాళ్లు వచ్చేదాకా ఆకుకూరలు పెట్టండి, పాలు, అన్నం పెట్టకండి.